తప్పు నీళ్ళు

వేసవి 112వ రోజు. బయట 55 డిగ్రీలు.

ఇవాళ తొమ్మిది తప్పులు రాశాను. ఒళ్ళు చల్లగా ఉంచే చలువచొక్కాల్లో నాలుగింటికి పంపు తిరగడం లేదు. రెండింటికి గొట్టం కారుతోంది. ఏడో వరుస అద్దాల దగ్గర నీడ గుడారం గాలికి పడిపోయి పది రోజులైంది, ఇంకా ఎత్తలేదు. ఇద్దరిని నలభై నిమిషాలు దాటినా లోపలికి పిలవలేదు.

మధ్యాహ్నం కాగితం తీసుకెళ్ళి మేనేజరు శేషశయనం గారి బల్ల మీద పెట్టాను. ఎప్పటిలాగే చదవకుండానే సంతకం పెట్టి, "థాంక్సండీ హంపమ్మ గారూ" అన్నారు. సాయంత్రం ఐదింటికల్లా ఊరి తొట్టిలోకి నీళ్ళు వదిలారు. తప్పుకు మూడు పీపాలు.

గవికొండలో డబ్బుతో కొనేదేమీ లేదు కాబట్టి చట్టం కంపెనీకి జరిమానా నీళ్ళలోనే వేసింది. కాగితంలో దాన్ని పౌర జరిమానా అని రాస్తాం. ఊళ్ళో మాత్రం అందరూ తప్పు నీళ్ళంటారు. కుళాయి దగ్గర చెంబుతో కొలిచి పోసే మారెక్క నా కుండ నింపుతూ, "మన హంపమ్మ చలవ, ఈ పొద్దు అందరికీ అందినాయి" అంది. వెనకున్నవాళ్ళు నవ్వారు. నాకూ సంతోషమే అనిపించింది.

ఈ పుస్తకం నా సొంతానికి రాసుకుంటున్నది. భద్రతాధికారిగా రాసే పుస్తకం వేరే ఉంది.


వేసవి 115వ రోజు. 56.

పొద్దున గుట్టలోంచి బయటికి పోయే తలుపు తీసేముందు కుళ్ళాయప్ప మామ గడ్డం గీసుకుంటూ కనిపించాడు. నీళ్ళు లేకుండా, ఉత్త కత్తితో. చర్మం మీద గరగరమని చప్పుడు.

"కోసుకుంటావు మామా" అన్నాను.

"పొయ్యేటప్పుడు నున్నగా పోవల్ల అమ్మీ. అద్దాల్లో మనల్ని మనమే సూసుకోవల్ల గదా దినమంతా!"

మామ నాకు చుట్టమేమీ కాదు. ఎండతో కరెంటు తీసే ఈ అద్దాలు తుడిచే పనిలో నేను చేరినప్పుడు నా వరుస మేస్త్రీ ఆయనే. పదకొండేళ్ళు ఆయన కిందే చేశాను. పంపు ఆగిపోయిన చొక్కాతో నేను పదో వరుసలో పడిపోయిన రోజు, కాగిన అద్దానికి నా ఎడమచెయ్యి అంటుకుపోయింది. ఊడదీసి, నన్ను భుజాన వేసుకుని తలుపు దాకా మోసుకొచ్చింది ఆయనే. తర్వాత పరీక్ష రాసి అధికారివి కమ్మని పోరు పెట్టిందీ ఆయనే. "నువ్వు కాలిందానివి. నీకు తెలుస్తాది యాడ తప్పుండాదో" అనేవాడు.

ఆయనకిప్పుడు అరవై రెండు. అరవై దాటినవాళ్ళని దూరపు వరుసలకు పంపకూడదని నియమం. కాగితాల్లో యాభై ఎనిమిదని ఉంది. అది నేను రాసిన తప్పుల్లో లేదు.

పగలే తుడవాలి. రాత్రిళ్ళు గాలి దుమారానికి అద్దాలన్నీ బోర్లా తిరిగి పడుకుంటాయి. తుడిచే యంత్రాలు ఒకప్పుడు ఉండేవట. దుమ్ముకు పాడైపోతే బాగు చేయించలేదు.


వేసవి 119వ రోజు. 54. పొద్దున దుమారం.

సగం రోజు తలుపు తెరవలేదు. బయటికి పోయిందే నలభై మంది. నాలుగు తప్పులే దొరికాయి. నాలుగే రాశాను.

సాయంత్రం కుళాయి తొందరగా ఆగిపోయింది. వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. మేస్త్రీ దస్తగిరి పెళ్ళాం ఖాళీ బిందె చంకనేసుకుని నా వైపు చూసింది. బిందెను తిరగేసి, ఒకసారి తట్టి, వెళ్ళిపోయింది.

"రేపు బాగా సూడు" అంది మారెక్క.

"బాగానే చూశాను మారెక్కా. ఉన్నవి నాలుగే."

"ఇంగా బాగా సూడు."

ఇంటికొచ్చి పాత కాగితాలు తీశాను. పని జరిగిన ప్రతిరోజూ కంపెనీ ఊరికి ఇవ్వాల్సిన మామూలు నీళ్ళు మూడేళ్ళ కింద అరవై పీపాలు. నేను అధికారినయిన ఏడాది నలభై ఎనిమిది చేశారు. ఈ వేసవికి ముప్పై అయిదు. ఎందుకు తగ్గించారంటే, 'ఊరికి ఇతర మార్గాల ద్వారా నీరు లభిస్తున్నందున' అని ఉంది.

ఆ ఇతర మార్గం నేనే. ఊరికి రోజుకు అరవై పీపాలు కావాలి. అంటే రోజూ తొమ్మిది తప్పులు జరిగి తీరాలి. జరగకపోతే ఎవరో ఒకరి బిందె ఖాళీగా ఇంటికి పోవాలి.


వేసవి 120వ రోజు. 56.

శేషశయనం గారి గదిలో చల్లగా ఉంటుంది. నన్ను కూర్చోబెట్టి గాజు గ్లాసులో నీళ్ళు పోయించారు. నిమ్మచెక్క కూడా వేశారు.

"తొంభై చొక్కాలు మార్చండి సార్. నేను తప్పులు రాయాల్సిన పనే ఉండదు" అన్నాను.

"మార్చాలనే నాకూ ఉందండీ. పైవాళ్ళు ఒప్పుకోరు. చొక్కాలంటే బయటినించి కొనాలి. నీళ్ళంటే మన బోరు, మన మోటారు." కుర్చీలో వెనక్కి వాలారు. "హంపమ్మ గారూ, మీరు రాసిన ఒక్క తప్పునైనా నేను కాదన్నానా? ఒక్కరోజైనా నీళ్ళు ఆలస్యం చేశానా? పక్క గుట్టల్లో మేనేజర్లు అధికారులతో ఎలా ప్రవర్తిస్తారో కనుక్కోండి. నేను చట్టం దాటి ఒక్క అడుగు వెయ్యను."

"మామూలు నీళ్ళు ఎందుకు తగ్గించారు?"

"మీరు బాగా పనిచేస్తున్నారు కాబట్టి."

ఎగతాళి చేయలేదు. నిజంగానే మెచ్చుకున్నారు. ఆ గ్లాసు ముట్టుకోకుండా లేచి రావాల్సింది. చివరి చుక్కదాకా తాగాను.


వేసవి 124వ రోజు. 57.

తలుపు దగ్గర చొక్కాలు తగిలించే చోట దస్తగిరి ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు మేస్త్రీ అతనే. నాలుగో చొక్కా లోపలికి వేళ్ళు పెట్టి పంపు తీగ లాగుతున్నాడు. నన్ను చూసినా చెయ్యి బయటికి తీయలేదు.

"ఏం చేస్తాండావు దస్తగిరీ?"

"తప్పు జేస్తాండా. రాసుకో."

"పనిచేసేవాళ్ళు పాడుచేస్తే అది కంపెనీ తప్పు కింద రాదు. నీకు తెలుసు."

"నువ్వు సూసినావని ఎవురికి తెలుసు?" తీగ పుటుక్కున తెగింది. "పాపకు మూడు దినాల్నించి జొరం. ఒళ్ళు తుడుద్దామంటే చెంబుడు నీళ్ళు ల్యా. నాలుగు తీగలు పీకితే పన్నెండు పీపాలక్కా. ఈ నాలుగూ నేనూ నా తమ్ముళ్ళూ ఏసుకుంటాం. వేరేవోళ్ళకి ఇయ్యం."

"మధ్యలో పడిపోతే?"

"గుడారం దగ్గర్నే తుడుస్తాం. ముప్పై నిమిషాలకే వస్తాం." గొంతు తగ్గించాడు. "నువ్వు కాలిందానివి, మాకంటే ఎక్కువ తెలుసు. కానీ నువ్విప్పుడు బయటికి పోవు గదక్కా. లోపల కూచునేవోళ్ళకు దాహం ఒకటే కనిపించల్ల. అట్లా కనిపిస్తే రాస్తావు."

నాలుగు చొక్కాల్లో పంపు తీగ తెగి ఉందని రాశాను. ఎవరు తెంపారో రాయలేదు. రాసిందాంట్లో అబద్ధం లేదని నాకు నేనే మూడుసార్లు చెప్పుకున్నాను.

పాపకు సాయంత్రానికి జ్వరం దిగింది.


వేసవి 128వ రోజు. 57.

ఇవాళ పదహారు తప్పులు. అందులో సగమన్నా చేత్తో చేసినవే. కుళాయి దగ్గర పాటలు పాడారు.


వేసవి 131వ రోజు. 58.

కుళ్ళాయప్ప మామ చచ్చిపోయాడు.

పన్నెండో వరుసకు పోయాడు. అది అన్నిటికన్నా దూరం. అక్కడికెవరు పంపారని దస్తగిరిని అడిగితే, తనే అడిగి తీసుకున్నాడన్నాడు. నలభై నిమిషాలకు గంట కొట్టారు, మామ రాలేదు. నేనూ దస్తగిరీ చొక్కాలేసుకుని పరుగెత్తాం. మూడేళ్ళ తర్వాత తలుపు దాటాను. అడుగు బయటపెట్టగానే కళ్ళలో తడి ఆరిపోయింది.

అద్దాల వెనక వెల్లకిలా పడి ఉన్నాడు. ముఖం నున్నగా గీసుకుని ఉంది. పెదాలు పగిలి నల్లబడ్డాయి. ఎత్తబోతే మెడ దగ్గర చర్మం నా చేతికొచ్చింది. తుడిచే కుంచెను శుభ్రంగా దులిపి, స్తంభానికి ఆనించి పెట్టాడు. నీడ గుడారం నలభై అడుగుల దూరంలో ఉంది, గాలికి పడిపోకుండా నిలబడే ఉంది. దుమ్ములో అడుగులు కనిపించాయి. గుడారం దాకా పోలేక పడిపోయినవాడి అడుగులు కావవి. గుడారం పక్కనించే నడిచి, దాన్ని దాటి ఇవతలికొచ్చిన అడుగులు.

చొక్కా విప్పాను. చలువ గొట్టం మీద కత్తి గాటు. తిన్నగా, ఒక్కటే.

దస్తగిరి చూశాడు. చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

మోసుకొచ్చేసరికి ఊరంతా తలుపు దగ్గరుంది. కొందరు ఏడ్చారు. ఏడుస్తున్నవాళ్ళ మధ్యలోంచే ఎవరిదో గొంతు, "ప్రాణానికి నలభై దినాలు గదా?" అని అడిగింది. నాకు తెలిసిన గొంతే. పేరు రాయను. కంపెనీ తప్పు వల్ల పనివాడు చనిపోతే నలభై రోజులు ఊరికి పూర్తి నీళ్ళివ్వాలని చట్టం. అడిగినదాంట్లో తప్పేమీ లేదు.


వేసవి 132వ రోజు. 58.

విచారణ మేనేజరు గదిలోనే జరిగింది. బల్ల మీద మామ చొక్కా. ఒకపక్క శేషశయనం గారు, కంపెనీ మనుషులిద్దరు. ఫోన్లో జిల్లా అధికారి. ఆయన గొంతు మధ్యమధ్యలో తెగిపోతోంది.

"గొట్టం ఎలా తెగిందమ్మా?" అని ఫోన్లోంచి అడిగారు.

నేను నిజం చెబితే, మామ కోసుకుని చచ్చాడని రాస్తారు. నీళ్ళు రావు. ఆయన చావు ఉత్తపుణ్యానికి పోతుంది. అబద్ధం చెబితే నీళ్ళొస్తాయి. ఎలా వచ్చాయో ఊరంతటికీ తెలుస్తుంది.

"తెగలేదు సార్. పగిలింది. పాతది, ఎండకు పెళుసెక్కిపోయింది. ఆ చొక్కా మీద ఈ వేసవిలో ఆరుసార్లు తప్పు రాశాను" అన్నాను. ఆరుసార్లు రాసిన మాట నిజం.

శేషశయనం గారు గొట్టాన్ని వేళ్ళతో పట్టుకుని దీపం వెలుగులో చూశారు. కిందపెట్టారు. ఈసారి కాగితం మొత్తం చదివి సంతకం పెట్టారు.


వేసవి 134వ రోజు. 56.

తొట్టి నిండింది. నలభై రోజుల నీళ్ళూ ఒకేసారి వదిలారు. పెద్దతొట్టి చాలక పాత ధాన్యం గది కూడా నింపారు.

మారెక్క మనిషికొక బిందె అదనంగా పోసింది. ఒళ్ళు కడుక్కోవడానికి. ఊరు ఊరంతా స్నానాలు చేసింది. పిల్లలు తడి నేల మీద పొర్లారు. దస్తగిరి కూతురు జుట్టు తడిపి పిండుకుని మళ్ళీ తడుపుకుంటోంది. తల్లి తిట్టడం లేదు. ముసలివాళ్ళు కుళ్ళాయప్ప పేరు చెప్పి మొదటి చెంబు నెత్తిన పోసుకున్నారు.

నేను పోసుకోకూడదనుకున్నాను. సాయంత్రం పోసుకున్నాను. కాలిన చెయ్యి మీద నీళ్ళు జారుతుంటే హాయిగా ఉంది. ఆ సంగతి రాయకుండా వదిలేస్తే ఈ పుస్తకం దండగ.


వేసవి 136వ రోజు. 57.

శేషశయనం గారు నన్ను నడవాలో ఆపారు. చుట్టూ ఎవరూ లేరు.

"అది కత్తి గాటని నాకు తెలుసండీ" అన్నారు.

"మరి సంతకం ఎందుకు పెట్టారు?" అన్నాను.

"మీరు రాశారు కాబట్టి. మీ మాట మీద నాకు గౌరవం. అదీ కాక..." కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఏడాదికి ఈ గుట్టలో రెండు ప్రాణాలని పైవాళ్ళు ముందే లెక్క వేసి నీళ్ళు పక్కన పెట్టారు. చొక్కాలు మార్చేకన్నా అది తేలిక. ఇంకా ఒకటి మిగిలే ఉంది. కాబట్టి మీరు కంగారు పడకండి. పాపం మంచి ముసలాయన. ఎప్పుడు చూసినా నున్నగా గడ్డం గీసుకుని ఉండేవాడు."

సాయంత్రం తలుపు తట్టారు. నరసమ్మ. నాతో కలిసి పనిచేసిన మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయి. గడపలోనే నిలబడి దగ్గు ఆపుకుని, "నన్ను పన్నెండో వరుసకు ఎయ్యమని దస్తగిరికి సెప్పమ్మీ. నువ్వు సెబితే ఇంటాడు" అంది.

"ఎందుకు నరసక్కా?"

"ఎందుకో నీకు తెల్దా! ఎట్లా పొయ్యేదాన్నే. మంచంలో పోతే ఎవురికేం లాభం? కోడలు మళ్ళీ నెల తప్పింది. కాన్పు నాటికి నీళ్ళుండల్ల." నా ముఖం చూసి విసుక్కుంది. "ఏందట్లా సూస్తావు? కుళ్ళాయప్పకు రాసినావు, నాకు రాయవా?"

ఆమె పోయిన గంటలో ఇంకో ఇద్దరొచ్చారు. వాళ్ళనీ పంపేశాక దస్తగిరి వచ్చాడు. లోపలికొచ్చి, తలుపు మూసి, నేల మీద కూలబడ్డాడు.

"కత్తి నాదే అక్కా" అన్నాడు. "గడ్డం కత్తి మొద్దుబారిందిరా, నీదియ్యి అన్నాడు మామ. గీసుకోనీకి కాదని నాకు తెలుసు. తెలిసే ఇచ్చినా. పాప దప్పి దప్పి అని ఏడుస్తాండాది. ఇచ్చినా."

అతన్ని తిట్టడానికి నాకు నోరెక్కడిది? నేనూ అతని పక్కనే నేల మీద కూర్చున్నాను.

"తలుపు మూసేద్దాం దస్తగిరీ" అన్నాను.


వేసవి 137వ రోజు. 57.

పని ఆపే ఉత్తర్వు రాయడానికి నాకు అధికారం ఉంది. ఇన్నాళ్ళూ రాయలేదు. పని ఆగితే మామూలు నీళ్ళూ రావు, తప్పు నీళ్ళూ రావు. రెండు రోజుల్లో ఊరు ఎండిపోతుంది.

ఇప్పుడు తొట్టిలో ముప్పై ఏడు రోజుల నీళ్ళున్నాయి.

తొట్టి దగ్గర అందరినీ పిలిచి చెప్పాను. గొట్టం పగల్లేదని, మామే కోసుకున్నాడని, నేను అబద్ధం రాశానని ముందే చెప్పేశాను. గొడవ అవుతుందనుకున్నాను.

"తెలుసులే. తర్వాతేందో సెప్పు" అంది మారెక్క.

"పది రోజులు అద్దాలు తుడవకపోతే దుమ్ము పట్టి కరెంటు సగానికి పడిపోతుంది. అప్పుడు కంపెనీకి చొక్కాలే చవక అవుతాయి. మన దగ్గర ముప్పై ఏడు రోజుల నీళ్ళున్నాయి. వాళ్ళ దగ్గర అన్ని రోజుల ఓపిక లేదు. తొంభై కొత్త చొక్కాలు, మామూలు నీళ్ళు అరవై పీపాలు. అవి ఇచ్చేదాకా ఎవరం బయటికి పోవద్దు."

"ఇయ్యకపోతే?" అన్నారెవరో.

"ఇయ్యకపోతే ఈ తూరి నరసమ్మను పంపిద్దాం. ఆయమ్మ అయిపోయినాక నీ యమ్మను. పేర్లు ఇప్పుడే రాసుకుందామా?" అని దస్తగిరి అరిచాడు. ఒక్కొక్కరుగా చేతులెత్తారు. నరసమ్మ మాత్రం కోపంగా లేచి పోయింది.

ఉత్తర్వు తలుపు మీద అంటించాను. తాళం చెవి నా మెళ్ళో వేసుకున్నాను.


వేసవి 141వ రోజు. 58.

అద్దాలు గోధుమరంగుకు తిరిగాయి. తలుపు ఊచల్లోంచి చూస్తే ఎండ కూడా కొంచెం తగ్గినట్టుంది. తగ్గలేదు, అద్దాల మెరుపు తగ్గింది.

శేషశయనం గారు వచ్చారు. ముప్పై చొక్కాలిస్తానన్నారు. దస్తగిరి తొంభై అన్నాడు. మారెక్క నీళ్ళు సగం చెంబు చొప్పున పోస్తోంది. ఎవరూ గొణగడం లేదు. పొద్దున నరసమ్మ నా దగ్గరకొచ్చి, కోడలికి కాన్పు నేను చూస్తానని మాట తీసుకుంది. అప్పటికి తను బతికే ఉంటానన్న ధీమా ఆమెకింకా కలగలేదు.


వేసవి 143వ రోజు. 58.

శేషశయనం గారు మళ్ళీ వచ్చి యాభై చొక్కాలు, నలభై అయిదు పీపాలన్నారు. ఆయన గదిలో చల్లగాలి యంత్రం ఆగిపోయిందట, ముఖమంతా చెమటలు. నా జన్మలో ఆయన చెమట చూడ్డం అదే మొదటిసారి.

"ఇంకో నాలుగు దినాలు అక్కా. అంతే" అన్నాడు దస్తగిరి. అతను నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.


వేసవి 145వ రోజు. 57.

ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే శేషశయనం గారు ఎత్తలేదు. జిల్లా కార్యాలయానికి చేస్తే, మీ ఉత్తర్వు అందింది, పరిశీలనలో ఉంది అని యంత్రం చెప్పింది.


వేసవి 146వ రోజు. 58.

పొద్దున ఎనిమిదింటికి లారీల చప్పుడైంది. అందరం తలుపు ఊచల దగ్గరకు పరుగెత్తాం. చొక్కాలొచ్చాయని పిల్లలు ఎగిరారు.

లారీల్లోంచి మనుషులు దిగారు. ఎనభై, తొంభై మంది. ఒక్కరి మీదా చలువచొక్కా లేదు. గోనెపట్టాలు కప్పుకున్నారు, పాదాలకు గుడ్డలు చుట్టుకున్నారు. చేతికి కుంచెలిచ్చి వరుసలకు పంపించారు.

ఇంతలో శేషశయనం గారి గొంతు మైకులో వచ్చింది. "హంపమ్మ గారూ, మీ ఉత్తర్వును కంపెనీ పూర్తిగా గౌరవిస్తోంది. అది గవికొండ పనివారికి వర్తిస్తుంది. వీరు పక్క ఊరు నల్లగుట్ట ఒప్పందం కింద వచ్చారు. చొక్కాల విషయం ఇక మాట్లాడనక్కర్లేదు. మీరు ఎప్పుడు తలుపు తెరిచినా పాత పద్ధతిలోనే పని ఉంటుంది."

మా వాళ్ళు ఊచల దగ్గర నిలబడి తిట్టారు. రాళ్ళు విసిరారు. రాళ్ళు దుమ్ములో పడ్డాయి. వచ్చినవాళ్ళు తిరిగి చూడలేదు. వంగి తుడవడం మొదలుపెట్టారు. ఒక్కో అద్దం తెల్లగా బయటికొస్తోంది.

అరగంటకి ఇద్దరు పడిపోయారు. వాళ్ళని ఏడో వరుస గుడారంలోకి ఈడ్చారు. అది మేం ఎత్తి నిలబెట్టుకున్న గుడారమే.

గంటకి ఒకామె మా తలుపు దగ్గరికొచ్చింది. పాతికేళ్ళుంటాయి. వెనక ఒక మగమనిషి, తూలుతున్నాడు. ఊచలు కాలుతున్నాయని తెలిసి ముట్టుకోలేదు.

"అక్కా, నీళ్ళుంటే పోస్తారా?" అంది.

"పోయొద్దు!" అని వెనకనించి కేకలు. "మన నోటికాడ కూడు తీసినోళ్ళకు నీళ్ళా?" "తాగి మళ్ళీ మన అద్దాలే తుడుస్తారు!" దస్తగిరి నా వైపు చూశాడు.

తొట్టి దగ్గరకు పోయాను. మారెక్క మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. "కుళ్ళాయప్ప నీళ్ళమ్మీ ఇవి" అంది. నేను కదల్లేదు. కొంచెంసేపటికి తనే మూత తీసి, చెంబు నిండుగా ముంచి ఇచ్చింది.

మెళ్ళో తాళం చెవి తీసి దస్తగిరికిచ్చాను. తలుపు తెరిచాడు. వేడి ఒక్కసారిగా మా మీద పడింది.

ఆమె సగం చెంబు తాగి, మిగతా సగం వెనకాయనకిచ్చింది. మా వాళ్ళ అరుపులు ఆగిపోయాయి. ఆయన తాగుతుంటే గొంతు కదలడం అందరం చూస్తూ నిలబడ్డాం.

"లోపలికి రాండమ్మా" అన్నాను. "మీ వాళ్ళందరినీ పిలువు. తొట్టిలో నీళ్ళున్నాయి. అందరం తాగినా పదిహేను దినాలొస్తాయి. మీరూ మేమూ కలిసి ఇక్కడే కూర్చుంటే కంపెనీ ఇంకేం చేయలేదు."

నా వెనక ఎవరూ కాదనలేదు. మారెక్క ఇంకో చెంబు ముంచుకొచ్చింది. "రా తల్లీ, నీడకు రా" అని దస్తగిరి తలుపు ఇంకా బార్లా తెరిచాడు.

ఆమె లోపలి చీకటికేసి చూసింది. ఒక అడుగు ముందుకేసింది కూడా. అంతలో ఆగిపోయింది.

"వొద్దులే అక్కా. మేం పని ఆపితే ఆడ మా ఊరికి నీళ్ళు నిలిపేస్తారు. పిల్లోళ్ళుండారు."

"ఇట్లా చొక్కాలు లేకుండా ఎట్లా పంపారమ్మా? మీ ఊర్లో తప్పులు రాసే అధికారి ఎవరూ లేరా?"

"ఎందుకు లేడక్కా, ఉండాడు" అంది. మా ఊరిని తక్కువ చేసి మాట్లాడొద్దన్నట్టు కొంచెం గర్వంగానే అంది. "శానా మంచోడు. దినానికి ముప్పై రాస్తాడు."

చెంబు నా చేతిలో పెట్టి, గోనెపట్టా నెత్తిమీదికి లాక్కుని, ఆయన రెక్క పట్టుకుని అద్దాల వైపు నడిపించుకుపోయింది.